చేతులు ఆగినా ఆగని పని

కోల్‌కతా-చెన్నై జాతీయ రహదారి మీద నాయుడుపేట దాటి సూళ్లూరుపేట వైపు వస్తుంటే మధ్యలో తగిలే ఊరు దొరవారిసత్రం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక కాగితాల్లో తిరుపతి జిల్లా అయింది గానీ మాట, యాస, బేరసారాలు ఇప్పటికీ నెల్లూరివే. పొద్దు పొడవక ముందే ఇక్కడ రోడ్డు మీద సందడి మొదలవుతుంది. తడ, మాంబట్టు, శ్రీసిటీ, మేనకూరు ఫ్యాక్టరీల బస్సుల కోసం క్యారేజీలు పట్టుకుని ఆడపిల్లలు నిలబడి ఉంటారు. చెన్నై వైపు రైలు అందుకోవాలని కొందరు స్టేషన్ దారి పడతారు. రాత్రంతా రొయ్యల గుంటల గట్ల మీద గడిపినవాళ్లు సముద్రం వైపు నుంచి ఎర్రబడ్డ కళ్లతో బైకుల మీద ఇళ్లు చేరుతుంటారు.

వీళ్లంతా కష్టజీవులే. వీళ్లలో కొద్దిమంది పరిస్థితి మాత్రం వేరు. షిఫ్టు ముగుస్తుంది, పంట చేతికొస్తుంది, సెలవు దొరుకుతుంది, అయినా పని వాళ్లను వదలదు. ఈ వ్యాసం ఆ కొద్దిమంది గురించి, వాళ్లతో బతుకుతున్న ఇంటివాళ్ల గురించి.

తాగుడుకు బానిసైన మనిషిని ఊరంతా గుర్తుపడుతుంది. పనికి బానిసైనవాడికి మెచ్చుకోళ్లు వస్తాయి. “ఒళ్లు దాచుకునే మనిషి కాదు”, “ఒక్క నిమిషం ఖాళీగా కూర్చోడు” అని పెళ్లి సంబంధాల్లో కూడా గొప్పగా చెప్పుకునే గుణం అది. అందుకే ఇంట్లోవాళ్లు లోపల ఎంత నలిగిపోతున్నా బయటికి చెప్పుకోలేరు. మొగుడు మరీ ఎక్కువ పని చేస్తున్నాడని ఏ ఇల్లాలు ఎవరి దగ్గర మొరపెట్టుకుంటుంది? పెట్టుకున్నా ఎవరు వింటారు?

ఈ తీరంలో బాగా తెలిసిన రొయ్యల సాగునే తీసుకుందాం. వనామీ పంట కాలం మూడు నాలుగు నెలలు. పగలు నీళ్లలోని సూక్ష్మమైన నాచు మొక్కలు ఎండ సాయంతో ఆక్సిజన్ తయారు చేస్తాయి. పొద్దు కూకగానే ఆ తయారీ ఆగిపోతుంది. కానీ రొయ్యలూ, అడుగున ఉన్న సూక్ష్మజీవులూ, ఆ నాచు మొక్కలూ రాత్రంతా ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి. దాంతో తెల్లవారుజాముకు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి దిగితే రొయ్యకు గండమే. అర్ధరాత్రి కరెంటు పోయి, ఏరేటర్లు ఆగి, జనరేటర్ కూడా మొరాయిస్తే లక్షల పెట్టుబడి తెల్లారేసరికి నీళ్లపాలు. 1990ల నడుమ తెల్లమచ్చ రోగం టైగర్ రొయ్య సాగును ఎలా కుదిపేసిందో చూసినవాళ్లకు ఆ భయం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి గట్టు మీద రాత్రి కాపలాను ఎవరూ వ్యసనం అనకూడదు. అది బతుకుతెరువు.

తేడా తెలిసేది పట్టుబడి అయ్యాక. రొయ్యలు లారీ ఎక్కాయి, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో) చూసి డబ్బు లెక్క తేల్చారు, నీళ్లు తీసేసి గుంట ఎండగట్టారు. కొన్నాళ్లపాటు అక్కడ పెద్దగా పనేమీ లేదు. ఒక రైతు రెండు రోజులు ఒళ్లెరగకుండా పడుకుని, మూడోనాడు పిల్లల్ని తీసుకుని అత్తగారింటికి వెళ్తాడు. ఇంకో రైతుకు ఇంట్లో కాలు నిలవదు. ఎండిపోయిన గుంటను చూడటానికి రోజూ వెళ్తాడు. “అక్కడ ఏముందని పోతా ఉండారు? కాసేపు నడుం వాల్చరాదా” అని భార్య అంటే కసురుకుంటాడు. అన్నం తింటూ సీడ్ (రొయ్య పిల్లల) ధరల కోసం ఫోన్లు చేస్తాడు. ఏ మోటారు చప్పుడూ లేని రాత్రి మూడు గంటలకు ఉలిక్కిపడి లేస్తాడు, గుండె దడదడలాడుతుంటుంది. పంట కాలంలో ఇద్దరూ చేసింది ఒకే పని, దాదాపు అన్నే గంటలు. పని ఆగాకనే ఇద్దరూ వేరయ్యారు.

అందుకే నా మటుకు నాకు, గంటలు లెక్కపెట్టడం కన్నా పని లేని గంటను మనిషి ఎలా గడుపుతున్నాడో చూడటం మంచి పరీక్ష అనిపిస్తుంది. పరిశోధకులు కూడా నెమ్మదిగా అక్కడికే వచ్చారు.

పనిని తాగుడుతో పోల్చి 1968లో రాసినవాడు అమెరికన్ మతాచార్యుడు, మనస్తత్వ సలహాదారు వేన్ ఓట్స్. వ్యసనపరులకు సలహాలిచ్చే క్రమంలో వాళ్లలో తనే కనిపించాడు ఆయనకు. నాన్నతో మాట్లాడాలని ఆయన ఐదేళ్ల కొడుకు ఆఫీసు అపాయింట్‌మెంట్ అడిగాడని చెబుతారు. 1971లో ఆయన ఈ విషయం మీద పుస్తకం రాశాక ‘వర్కహాలిక్’ అనే మాట ప్రపంచమంతా పాకింది. దాన్ని కొలిచే పని చాలా ఆలస్యంగా జరిగింది. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయంలో సిసిలియే ఆండ్రియాసెన్ బృందం 2012లో ఏడు ప్రశ్నల కొలమానం ఒకటి తయారు చేసింది. గడిచిన ఏడాదిని గుర్తు తెచ్చుకుని జవాబు చెప్పాలి. పనికి ఇంకాస్త సమయం ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కున్నారా? గంటలో అయిపోతుందని కూర్చున్న పని పూట పూటంతా తినేసిందా? అపరాధ భావమో, ఆందోళనో, దిగులో తగ్గించుకోవడానికి పనిలో దూరారా? తగ్గించుకోమని పక్కవాళ్లు చెబితే చెవిన పెట్టలేదా? పని చెయ్యనివ్వకపోతే చిరాకూ ఒత్తిడీ వచ్చాయా? సరదాలు, ఆటలు, వ్యాయామం అన్నీ వెనక్కి పోయాయా? ఆరోగ్యం దెబ్బతినేదాకా పని చేశారా? ఏడింటిలో కనీసం నాలుగింటికి ‘తరచుగా’ అనో ‘ఎప్పుడూ’ అనో జవాబు వస్తే ఆలోచించాల్సిందే. 2014లో ప్రచురించిన నార్వే సర్వేలో 8.3 శాతం ఉద్యోగులు ఆ గీత దాటారు.

ఆ ఏడింటిలో రోజుకు ఎన్ని గంటలు పని చేస్తారన్న ప్రశ్న లేదు, గమనించారా?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో గానీ, అమెరికన్ మనోవైద్యుల పట్టికలో గానీ పని వ్యసనం విడి జబ్బుగా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన పట్టిక, ఉద్యోగంలో పూర్తిగా అలసి వట్టిపోయే స్థితిని కూడా జబ్బుగా కాక వృత్తికి సంబంధించిన ఒక పరిణామంగానే పేర్కొంది. కాబట్టి ఏడు ప్రశ్నల కాగితం చూసి ఎవరి నుదుటా ముద్ర వెయ్యకూడదు. అది డాక్టరుతో మాట మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతవరకే.

ఇంకో జాగ్రత్త దీనికన్నా ముఖ్యం. తెల్లవారుజామున బస్సు కోసం నిలబడ్డ ఆ ఆడపిల్లల్లో చాలామంది ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు, ఇంట్లో ఇంకో షిఫ్టు చేస్తారు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. ఇంత పని చేసే ఆడమనిషి ఆదివారం కూడా కూర్చోకపోతే దాన్ని వ్యసనం అనడం అన్యాయం. ఆమెకు కావలసింది వైద్యం కాదు, ఆ పనిలో సగం ఇంకొకరు అందుకోవడం. అప్పుల కోసం రెండు డ్యూటీలు చేసేవాడి సంగతీ అంతే. బలవంతం బయటి నుంచి వస్తుంటే దాన్ని బయటే సరిచెయ్యాలి. లోపలి నుంచి తరిమే బలవంతం గురించే మనం మాట్లాడుకుంటున్నది. ఒక్కోసారి రెండూ ఒకే మనిషిలో ఉంటాయి, విడదీయడం కష్టం అవుతుంది. అప్పు తీరిపోయాక కూడా రెండో డ్యూటీ మానలేకపోతే అప్పుడు సంగతి బయటపడుతుంది.

ఆ లోపలి తరుముడు ఎక్కడి నుంచి వస్తుంది?

మెదడులో డోపమిన్ అనే రసాయనం ఉంది. దాన్ని సంతోషం రసాయనం అని చాలాచోట్ల రాస్తారు గానీ అది పూర్తి నిజం కాదు. 1990లలో నాడీశాస్త్రవేత్త వోల్ఫ్‌రామ్ షుల్ట్స్ కోతులకు పళ్లరసం చుక్కలు ఇస్తూ దాన్ని విడుదల చేసే నాడీకణాలను పరిశీలించారు. ఊహించని రసం దొరికినప్పుడు అవి గట్టిగా స్పందించాయి. రసం వస్తుందని ముందే తెలిసిపోయాక రసానికి స్పందించడం మానేసి, అది వస్తుందని చెప్పే గుర్తుకు స్పందించడం మొదలుపెట్టాయి. అనుకున్న రసం రాకపోతే వాటి చురుకు పడిపోయింది. అంటే ఆ కణాలు లెక్కగట్టేది ప్రతిఫలాన్ని కాదు, ఆశించినదానికీ వచ్చినదానికీ మధ్య తేడాను. ఎప్పుడొస్తుందో తెలియని ప్రతిఫలానికి జీవి ఎంత గట్టిగా కట్టుబడిపోతుందో అంతకు ముందే మనస్తత్వవేత్త స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాలు చూపించాయి. ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో తెలియనప్పుడు పావురం ఆపకుండా పొడుస్తూనే ఉంటుంది.

మన తీరంలో పనులకు ఈ గుణం నిండుగా ఉంది. ఈ పంట ఏ కౌంట్‌కు వస్తుందో, ఆరోజు ధర ఎంత పలుకుతుందో ఎవరికీ తెలియదు. ఒక పంట అప్పుల్లో ముంచుతుంది, తర్వాతిది ఇల్లు కట్టిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఫోన్‌లో వచ్చే ప్రతి మెసేజ్ కూడా అంతే, మెప్పో తిట్టో తెరిచేదాకా తెలియదు. తెలియదు కాబట్టే చెయ్యి మళ్లీ మళ్లీ అటే పోతుంది.

ఇది సగం కథే. రెండో సగం ఎక్కువ బాధాకరమైనది. మొదట్లో పని సంతోషం ఇస్తుంది. కొన్నేళ్లకు సంతోషం తగ్గిపోయి, పని చేస్తే దిగులు తగ్గడం ఒక్కటే మిగులుతుంది. తల్లిదండ్రుల దగ్గర మార్కులతోనే ప్రేమ దొరికిన పిల్లవాడికి, పేదరికం చూసి పెరిగినవాడికి, ఎప్పటికీ చాలనన్న భావం ఉన్నవాడికి ఖాళీ సమయం ప్రమాదంగా తోస్తుంది. పనిలో పడగానే ఆ భయం అణుగుతుంది. అణగడమే బహుమానం అవుతుంది. మళ్లీ భయం, మళ్లీ పని. 2016లో 16,426 మంది నార్వే ఉద్యోగుల మీద వచ్చిన అధ్యయనం దీనికి దగ్గరి సాక్ష్యం. పని వ్యసనం గీత దాటినవాళ్లలో 33.8 శాతం మందికి ఆందోళన లక్షణాలు ఉన్నాయి, దాటనివాళ్లలో 11.9 శాతం మందికే. దృష్టి నిలవని లక్షణాలు, చేసిందే మళ్లీ మళ్లీ చేసే లక్షణాలు కూడా మొదటి గుంపులోనే ఎక్కువ. ఏది ముందు, ఏది వెనుక అన్నది ఒక్క సర్వేతో తేలదు. కానీ ఆందోళనను వదిలేసి పని గంటలు మాత్రమే కోస్తే ఎందుకు నిలవదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

సెలవు రోజున వచ్చే తలనొప్పి, కడుపులో తిప్పుడు కొత్త సంగతులు కావు. హంగేరీ మనోవిశ్లేషకుడు షాండర్ ఫెరెంజి 1919లోనే ఆదివారాల్లో మాత్రమే జబ్బు పడే మనుషుల గురించి రాశాడు. మిగిలిన ఆరు రోజుల కట్టుదిట్టం లేకపోయేసరికి లోపల అణచిపెట్టినవి పైకి వస్తాయని ఆయన భావించాడు. ఆయన సిద్ధాంతాలను ఇవాళ అందరూ ఒప్పుకోకపోవచ్చు. పరిశీలన మాత్రం ఆదివారం మధ్యాహ్నం మన ఇళ్లలో ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. పనిని ప్రాణంగా ప్రేమించినవాళ్లంతా వ్యసనపరులేనా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్‌ను వెలికితీశారు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందాల నుంచి ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకు డైఈథైల్ కార్బమజీన్, క్యాన్సర్ చికిత్సకు దారితీసిన మందులు, ఆరియోమైసిన్ వచ్చాయి. మన జిల్లాల్లో బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి పంచే మాత్ర వెనక ఆయన ఉన్నారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే గుండె ఆగి పోయారు. తిరిగి వస్తానని చెప్పి వెళ్లిన మనిషి మళ్లీ ఇండియా రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు, తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు.

ఆయనది వ్యసనమని ఇవాళ కూర్చుని తేల్చే హక్కు మనకు లేదు. అతిపని వల్లే గుండె ఆగిందని చెప్పడానికీ ఆధారం లేదు. ఆయన కనుగొన్నవాటితో కోట్లమంది బతికారు, అది నిజం. ఆ జీవితాన్ని పిల్లలకు చెప్పేటప్పుడు నిద్ర మానుకుని పని చెయ్యడాన్ని ఆదర్శంగా చూపించి, శేషగిరమ్మ వాటా కథను దాటెయ్యడం మాత్రం నాకు సమ్మతం కాదు. పనికి ఎవరు ఏం చెల్లించారో కూడా లెక్కలో ఉండాలి.

ప్రేమకూ బలవంతానికీ మధ్య తేడాను నెదర్లాండ్స్‌లో విల్మార్ షౌఫెలి, ఆయన సహచరులు చాలాకాలం పరిశీలించారు. పనిలో ఇష్టంగా లీనమయ్యేవాళ్లు కూడా ఎక్కువ గంటలే చేస్తారు. కానీ వాళ్లు లేవగలరు, లేచాక పశ్చాత్తాపపడరు. బలవంతం ఉన్నవాళ్లు లేచినా మనసు కుర్చీలోనే ఉంటుంది. లీకే టెన్ బ్రుమెల్‌హాయిస్ బృందం ఒక అంతర్జాతీయ ఆర్థిక సలహా కంపెనీకి చెందిన డచ్ శాఖలో 763 మందికి నడుం కొలత, రక్తపోటు, కొలెస్ట్రాల్, చక్కెర వంటివి పరీక్షించింది. ఎక్కువ గంటలు పని చెయ్యడం ఒక్కదానికే ఆ ప్రమాద సూచికలతో సంబంధం కనిపించలేదు. ఆపలేని తనం ఉండి, పనిపై ఇష్టం లేనివాళ్లలో ప్రమాదం ఎక్కువగా కనిపించింది.

అలాగని గంటలకు భయపడక్కర్లేదని అర్థం చేసుకోవద్దు. ఆ పరీక్ష ఒక్క కంపెనీలో, కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ల మీద జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వేసిన అంచనా లోకం మొత్తానిది. వారానికి 35-40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకు పైన చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలోనే అలా పోయిన ప్రాణాలు 7,45,000. వీళ్లలో ఎక్కువమంది అరవై దాటాక పోయినవాళ్లు. నడివయసులో చేసిన అతిపనికి శరీరం బిల్లు ఆలస్యంగా పంపుతుందన్నమాట. “నాకేం, బండలా ఉన్నా” అనే నలభై ఐదేళ్ల మనిషికి ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

లోపల జరిగేది ఇది. పని ఒత్తిడిలో గుండె వేగం, రక్తపోటు, కార్టిసాల్ పెరుగుతాయి. అది మామూలే, మంచిదే. పని ముగిశాక అవన్నీ మామూలు స్థాయికి దిగిరావాలి. డచ్ శాస్త్రవేత్తలు మైమాన్, ముల్డర్ 1998లో వివరించినట్టు, పూర్తిగా దిగకముందే కొత్త భారం పడితే మిగులు మీద మిగులు పేరుకుంటుంది. పని వ్యసనం ఉన్నవాడికి చేతులు ఆగినా తలలో పని నడుస్తూనే ఉంటుంది కాబట్టి శరీరానికి ఆ దిగడం దొరకదు. మంచం మీద ఎనిమిది గంటలు పడుకుని లేచినా అలసటగానే ఉండటానికి ఇదొక కారణం.

“అలా చెయ్యకపోతే ఎదగలేం” అనేవాళ్లకు ఒక పాత లెక్క. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ మందుగుండు ఫ్యాక్టరీల కార్మికుల రికార్డులను ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ 2014లో మళ్లీ తీసి లెక్కగట్టారు. వారానికి సుమారు 49 గంటల వరకు, గంటలు పెరిగినకొద్దీ ఉత్పత్తి అదే మేరకు పెరిగింది. ఆ తర్వాత పెరుగుదల మందగించింది. 70 గంటలు చేసినవాళ్లకూ 56 గంటలు చేసినవాళ్లకూ ఉత్పత్తిలో పెద్ద తేడా లేదు. అంటే ఆ 14 గంటలు దాదాపు వృథా. 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు గరిష్ఠ పని గంటలను 9 నుంచి 10కి పెంచడానికి ఒప్పుకుంది. వారానికి 48 గంటల హద్దు కాగితం మీద అలాగే ఉంది. ఇలాంటి నిర్ణయం తీసుకునేవాళ్లు ఆ రికార్డులు చదవాలని నా కోరిక. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, పని వేళల తర్వాత ఫోన్లకూ మెయిళ్లకూ దూరంగా ఉండే హక్కు చట్టంలో ఉంది. సంస్థ అర్ధరాత్రి ఫోన్ చేస్తున్నంతకాలం ఉద్యోగికి మనోనిగ్రహం బోధించి లాభం లేదు.

ఇక బయటపడటం. తాగుడు మానినవాడు సారా ముట్టకుండా బతకగలడు. పని ముట్టకుండా ఎవరూ బతకలేరు. అందుకే ఇక్కడ కోలుకోవడం అంటే మానడం కాదు, హద్దు గీసుకోవడం. 1983లో న్యూయార్క్‌లో మొదలైన పని వ్యసనపరుల సంఘం ఈ పద్ధతిలోనే నడుస్తుంది. ఎవరి హద్దు వాళ్లు రాసుకుంటారు, దాటినప్పుడు తోటివాళ్లకు చెబుతారు.

మన రైతుకు దీన్ని వివరించాలంటే ఎండగట్టిన గుంటను చూపిస్తే చాలు. పంటకూ పంటకూ మధ్య అడుగు మట్టి ఆరి, బీటలు తీసి, గాలి తగిలి, పేరుకున్న మేత మడ్డి కుళ్లి తేటపడకపోతే తర్వాతి పంటకు రోగం తప్పదని అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ విరామాన్ని నష్టం కింద రాయడు, సాగు ఖర్చులో భాగంగా చూస్తాడు. అదే లెక్క తన ఒంటికీ వెయ్యమని అడగాలి.

ఏదో ఒక విరామం అయితే చాలదు. టీవీ ముందు కూర్చుని తలలో ధరలు లెక్కపెడుతుంటే అది విరామం కాదు. జర్మనీకి చెందిన సబీన్ సొన్నెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ 2007లో తయారు చేసిన కొలమానం విశ్రాంతిలో నాలుగు గుణాలను చూస్తుంది. మనసు పని నుంచి తెగిపోవడం, ఒళ్లు వదులవడం, కొత్తదేదో నేర్చుకుంటూ పట్టు సాధించడం, ఆ సమయం తన చేతుల్లో ఉందన్న భావం. వీటిలో మొదటిదే అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా ముఖ్యం.

దానికి ఒక చిన్న ఉపాయం ఉంది. సగంలో వదిలిన పని మనసును లాగుతూ ఉంటుందని 1920లలో బెర్లిన్‌లో బ్లూమా జైగార్నిక్, మరియా ఒవ్సియాంకినా ప్రయోగాలు చేశారు. సగంలో ఆపినవి ఎక్కువ గుర్తుంటాయన్న జైగార్నిక్ మాట తర్వాతి పరీక్షల్లో అంత గట్టిగా నిలబడలేదు. వాటిని మళ్లీ అందుకోవాలనే లాగుడు మాత్రం నిలిచింది. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ ఇంకో మెట్టు ఎక్కారు. పని పూర్తి చెయ్యనక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేస్తామో స్పష్టంగా అనుకుంటే చాలు, అది తలలో చొరబడటం తగ్గుతుందని చూపించారు. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మంది యువతీయువకుల మీద చేసిన పరీక్షలో, పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు రేపు చెయ్యాల్సినవి రాసుకున్నవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకన్నా సగటున 9 నిమిషాలు ముందు నిద్రలోకి జారారు. కాబట్టి దిండు పక్కన ఫోన్ బదులు చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. మేత ఎంత, ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఏ ఫైలు ముందు తెరవాలి, అన్నీ అందులో పెట్టి మూసెయ్యండి.

మొదట్లో కొన్నాళ్లు బాగుండదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే మనిషి భయపడి మళ్లీ పనిలోకి పరుగెడతాడు. చిరాకు, అరచేతుల్లో చెమట, ఏదో తప్పు చేస్తున్నానన్న భావం వస్తాయి. అవి వచ్చాయంటే విరామం పనిచేయడం లేదని కాదు, వ్యసనం ఊడుతోందని. ఆ ఖాళీలో ఇంటి మరమ్మతులో, కొత్త వ్యాపారమో దూర్చకుండా ఇంట్లోవాళ్లు చూసుకోవాలి. అలాగని “నీకు మేమక్కర్లేదు” అని సాధిస్తే అపరాధ భావం పెరిగి మళ్లీ పనిలోకే పోతాడు. “మాతో ఉండు” అనే పెద్ద మాట కన్నా “బుధవారం సాయంత్రం పాపను నువ్వే తీసుకురా” అనే చిన్న మాట ఎక్కువ పనిచేస్తుంది.

దడ, నిద్రలేమి, దిగులు నెలల తరబడి ఉంటే డాక్టరును కలవాల్సిందే. లోపల ఉన్న ఆందోళనకు చికిత్స జరిగితే పని పట్టు కూడా కొంత సడలవచ్చు. ఆలోచనా ధోరణిని సరిదిద్దే మాటల చికిత్స ఇందుకు పనికొస్తుంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 2022 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ టెలి-మానస్ 14416 నంబరుకు ఫోన్ చెయ్యవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

పనికి హద్దు గీసుకోవడానికి ఈ ప్రాంతంలో ఉదాహరణ అడిగితే నేను సతీష్ ధావన్ పేరు చెబుతాను. 1971 డిసెంబరు 30న విక్రమ్ సారాభాయ్ 52 ఏళ్లకే కేరళలోని కోవళంలో కన్నుమూశారు. అప్పటికి అంతరిక్ష కార్యక్రమం, అణుశక్తి సంఘం రెండూ ఆయన భుజాల మీదే ఉన్నాయి. అంతరిక్ష బాధ్యత తీసుకోమని ఇందిరాగాంధీ నుంచి ధావన్‌కు కబురు వెళ్లింది. ఆయన అప్పుడు సెలవు మీద అమెరికాలోని కాల్‌టెక్‌లో ఉన్నారు. ఒప్పుకున్నారు గానీ షరతులు పెట్టారు. బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్‌గా కొనసాగుతాను, ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలి, ఇక్కడ చేపట్టిన పని ముగించుకునే వస్తాను అన్నారు. ఆయన వచ్చేదాకా ఎం.జి.కె. మీనన్ బండి నడిపారు. దేశం ఆగలేదు. పన్నెండేళ్లు ఇస్రోను నడిపిన ఆ మనిషికి పక్షులంటే ప్రాణం. పులికాట్ సరస్సు మీద అవి ఎలా ఎగురుతున్నాయో చూసేవారు, పక్షులు ఎగిరే తీరు మీద శాస్త్రీయంగా ఒక పుస్తకం కూడా రాశారు. శ్రీహరికోట కేంద్రానికి 2002 నుంచి ఆయన పేరే.

ఆ పక్షులు మన వాకిట్లోవే. నేలపట్టు పక్షుల కేంద్రం దొరవారిసత్రం మండలంలోనే ఉంది. చలికాలంలో గూడబాతులు కడప చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని సాకుతుంటాయి. ఏళ్లుగా ఆ పక్క రోడ్డు మీదే గుంటలకు తిరుగుతూ ఒక్కసారీ లోపలికి పోనివాళ్లు చాలామంది ఉన్నారు. కొత్తదేదో నేర్చుకోవాలన్న మూడో గుణానికి ఇంతకన్నా ఖర్చులేని బడి ఉండదు. ఏది గూడబాతో, ఏది నత్తగుల్ల కొంగో పిల్లలతో కలిసి గుర్తుపట్టడానికి ఒక ఉదయం పట్టదు, ఒక సీజన్ పడుతుంది.

జారిపోవడం కూడా ఉంటుంది. సీడ్ వదిలాక, క్వార్టర్ ముగింపులో, కొత్త మేనేజర్ వచ్చినప్పుడు పాత అలవాటు తిరిగొస్తుంది. అందుకే హద్దులను ప్రశాంతంగా ఉన్నప్పుడే, పంట వెయ్యకముందే కాగితం మీద పెట్టాలి. రాత్రి కాపలా ఏ రోజు ఎవరిది, తన వంతు కాని రాత్రి ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, ఆక్సిజన్ ఎంతకు పడితేనే తనను నిద్ర లేపాలి, వారంలో ఏ పూట గుంట వైపు పోకూడదు. జీతమిచ్చి పెట్టుకున్న కాపలా మనిషిని నమ్మలేకపోవడం కూడా జబ్బులో భాగమేనని ఆ కాగితం రాసేటప్పుడే ఒప్పుకోవాలి. నెలకోసారి భార్యాభర్తలిద్దరూ దాన్ని ముందు పెట్టుకుని ఎక్కడ దాటారో చూసుకోవాలి. వరుసగా రెండు నెలలు అదే చోట దాటుతుంటే ఆ హద్దును మార్చి రాయాలి, టెలి-మానస్ కౌన్సెలర్‌కు ఫోన్ చెయ్యాలి.